తెలియని మనిషికి ఫోన్‌పే కొట్టే ముందు: ఫీజు ఎంత, తేడా వస్తే పైసలు తిరిగొస్తాయా

నల్గొండలో కూర్చుని ఫేస్‌బుక్‌లో మహబూబ్‌నగర్ బండి చూస్తాం, దేవరకొండ నుంచి వాట్సాప్ గ్రూపులో గద్వాల చీర బుక్ చేస్తాం, మిర్యాలగూడలో ఉండి హైదరాబాద్‌లో ఎవరిదో పాత ల్యాప్‌టాప్‌కు బేరం ఆడతాం. అమ్మే మనిషి ముఖం కూడా చూసి ఉండం. అయినా ముందు పైసలు వేయమంటారు, వేస్తాం. ఇలాంటప్పుడు అందరూ అడిగేది ఒకటే, "చార్జీలు ఏమన్నా పడతాయా?" అని. సామాను రాకపోతే ఈ పైసలు ఎవరు ఇప్పిస్తారు అని మాత్రం చాలా తక్కువ మంది అడుగుతారు. నిజానికి ఈ రెండూ ముడిపడి ఉన్నాయి. సామాను చేరేదాకా డబ్బును మధ్యలో ఎవరో ఒకరు పట్టుకుని ఉంటేనో, తేడా వస్తే వెనక్కి లాగగలిగితేనో కొన్నవాళ్లకు రక్షణ ఉన్నట్టు. ఆ పని చేసేవాళ్లు ఊరికే చేయరు. ఫీజు లేని దారిలో మధ్యలో ఎవరూ ఉండరు, అందుకని అక్కడ మన జాగ్రత్త మనమే కట్టుకోవాలి. అది ఎలాగో మొదటి నుంచి చెప్తాను.

ముందు ఏ దారిలో పంపుతున్నారో తెలుసుకోండి

అందరం వాడేది యూపీఐ కాబట్టి దానితోనే మొదలుపెడదాం. మనిషి నుంచి మనిషికి పంపితే ఫీజు సున్నా. మామూలుగా రోజుకు లక్ష రూపాయల దాకా పోతుంది, కొన్ని బ్యాంకుల్లో ఇంకా తక్కువ. కొత్త ఫోన్‌లో యాప్ వేసుకుంటే మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి పోవు. సెకన్లలో అవతలి ఖాతాలో పడుతుంది. పడ్డాక మీ బ్యాంకు దాన్ని వెనక్కి లాగలేదు, అవతలి మనిషి ఒప్పుకోవాలి, లేదంటే పోలీసుల నుంచి, కోర్టు నుంచి ఆదేశం రావాలి. చేతిలో నోట్లు పెట్టి పంపించేయడం ఎంతో ఇదీ అంతే.

ఇక్కడ ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. "మూడు రోజుల్లో బ్యాంకుకు చెబితే మొత్తం వాపసు వస్తుంది, ఆర్‌బీఐ రూలు" అంటారు. ఆ రూలు ఉన్నమాట నిజమే, 2017 జూలైలో వచ్చింది. కానీ అది మీకు తెలియకుండా, మీ ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోయినప్పుడు వర్తించేది. సెల్లర్ మోసగాడని తెలియక మీరే పిన్ కొట్టి పంపితే, బ్యాంకు లెక్కలో అది మీరు ఇష్టంతో ఇచ్చిన డబ్బే. ఆ రూలు చూపించి బ్యాంకు కౌంటర్ దగ్గర ఎంత వాదించినా పని కాదు, ఆ టైమ్‌ను వేరే చోట పెట్టాలి, ఎక్కడో చివర్లో చెప్తాను.

బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు పంపే నెఫ్ట్, ఐఎంపీఎస్, ఆర్‌టీజీఎస్ కూడా రక్షణ విషయంలో ఇదే జాతి. సేవింగ్స్ ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో నెఫ్ట్ చేస్తే 2020 జనవరి నుంచి చార్జీ లేదు, బ్రాంచికి పోయి ఫారం నింపితే మొత్తాన్ని బట్టి రెండున్నర రూపాయల నుంచి 25 రూపాయల దాకా, దానిపై జీఎస్టీ. ఐఎంపీఎస్‌కు బ్యాంకును బట్టి కొన్ని రూపాయలు పడొచ్చు. ఆర్‌టీజీఎస్ రెండు లక్షలు, ఆపైన మాత్రమే. వీటిలో మేలు ఒకటుంది. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చేసేముందు ఖాతాదారు పేరు చూసుకునే వీలు బ్యాంకులు కల్పించాలని ఆర్‌బీఐ చెప్పింది. ట్రాక్టర్ లాంటి పెద్ద బేరాలకు ఆ పేరు చూడకుండా ఒక్క రూపాయి పంపకండి.

కార్డు దారి వేరు. సెల్లర్ మీకు పేమెంట్ లింక్ పంపి, మీరు క్రెడిట్ కార్డుతో కడితే, సామాను రాకపోయినా చెప్పినదానికి భిన్నమైనది వచ్చినా మీ కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టొచ్చు. దాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. కార్డుతో కట్టించుకున్నందుకు సెల్లర్ దగ్గర గేట్‌వే కంపెనీ, అంటే ఆ పేమెంట్ లింక్ నడిపే కంపెనీ, సుమారు రెండు శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ తీసుకుంటుంది. పది వేల రూపాయల చీరలకు 236 రూపాయలన్నమాట. చిన్న సెల్లర్లు అది మీ మీద వేస్తారు, "కార్డు అయితే టూ పర్సెంట్ ఎక్స్‌ట్రా మేడమ్" అని. నా మాట ఏమిటంటే, తెలియని మనిషి దగ్గర పెద్ద మొత్తానికి కొంటున్నప్పుడు ఆ 236 కట్టడమే మంచిది. చార్జ్‌బ్యాక్ పెట్టినంత మాత్రాన గెలిచినట్టు కాదు, సెల్లర్ కూడా తన రుజువులు చూపిస్తాడు, కానీ కనీసం వినేవాడు ఒకడుంటాడు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి వాడదాం అనుకుంటే అది వ్యాపారుల క్యూఆర్‌కే పనిచేస్తుంది, మామూలు మనిషి నంబరుకు పోదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇలాంటి కొనుగోళ్లకు పేపాల్ వాడతారు. అక్కడ "గూడ్స్ అండ్ సర్వీసెస్" అని పంపితే సెల్లర్‌కు దాదాపు మూడు శాతం కోత పడుతుంది, కొన్నవాళ్లకు 180 రోజుల దాకా కంప్లయింట్ పెట్టే హక్కు ఉంటుంది. "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" అని పంపితే ఆ రక్షణ ఉండదు. సెల్లర్ రెండోదే పంపమని పట్టుబడితే అతను ఆదా చేసుకునేది మీ రక్షణనే. మన దేశం లోపల చెల్లింపులు పేపాల్ 2021 ఏప్రిల్‌లో ఆపేసింది, కాబట్టి నల్గొండ నుంచి గద్వాలకు ఇది పనికిరాదు.

అమ్మేది వ్యాపారా, ఊరికే ఒక మనిషా

ఇది ఎందుకు ముఖ్యమంటే, వినియోగదారుల చట్టం వ్యాపారంగా అమ్మేవాళ్ల మీదే సరిగ్గా పనిచేస్తుంది. ఇన్‌స్టాలో రోజూ చీరలు పెట్టి అమ్మేవాళ్లు వ్యాపారులే, షాపు ఉన్నా లేకపోయినా. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు మాత్రం వ్యాపారంగా కాకుండా తన సొంత వస్తువు ఏదో అమ్ముకునే వ్యక్తికి వర్తించవు. అంటే తన పాత ఫోన్ ఒకటి అమ్ముకున్న పక్క ఊరి పిల్లగాడి మీద వినియోగదారుల కమిషన్‌కు పోయి గెలవడం కష్టం, అది మోసం కేసుగానో సివిల్ గొడవగానో పోవాలి. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ప్రకటన చూసి మాట్లాడుకుని మీరు నేరుగా యూపీఐ చేస్తే, ఆ డబ్బు వాళ్ల చేతుల్లోంచి పోదు, వాళ్లు తిప్పి ఇచ్చేదీ ఉండదు.

కాబట్టి మొదట మాటల్లోనే తేల్చుకోండి. రోజూ అమ్మేవాళ్లయితే బిల్లు ఇస్తారా, జీఎస్టీ నంబరు ఉందా, వాపసు తీసుకుంటారా అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో మాట్లాడుకున్నా తర్వాత "మీరు చెప్పినట్టు ఇంత ధర, ఈ తేదీకి పంపుతారు, డ్యామేజీ ఉంటే వాపసు" అని ఒక మెసేజ్ పెట్టి "అవును" అనిపించుకోండి. రేపు ఎక్కడికి పోయినా ఆ ఒక్క స్క్రీన్‌షాటే పని చేస్తుంది.

సామాను నిజంగా ఉందా

లైవ్ వీడియో కాల్ అడగండి. రికార్డు చేసి పెట్టిన వీడియో వద్దు, ఎందుకంటే వేరేవాళ్ల వీడియోలు తీసుకుని అమ్మేవాళ్లు బోలెడు. కాల్‌లో ఒక కాగితం మీద మీ పేరు, ఇవాల్టి తేదీ రాసి సామాను పక్కన పెట్టమనండి. నిజంగా చేతిలో ఉన్నవాడికి అది నిమిషం పని.

చీర అయితే తిప్పి చూపించమనండి. పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్‌లో నూలుకే రంగు ముందుగా అద్దుతారు కాబట్టి డిజైన్ లోపలి వైపు కూడా దాదాపు అలాగే కనిపిస్తుంది, ప్రింటు చీర వెనక వెలిసినట్టు ఉంటుంది. గద్వాల చీరలో కాటన్ ఒళ్లు, పట్టు అంచు కలిసే చోటు దగ్గరగా చూపమనండి. పవర్‌లూమ్ చీరను చేనేత ధరకు అమ్మేవాళ్ల వల్ల నష్టపోయేది కొన్నవాళ్లే కాదు, గద్వాల, నారాయణపేట నేత కార్మికులు కూడా. హ్యాండ్లూమ్ మార్క్, సిల్క్ మార్క్ లేబుల్ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ ఫోన్ అయితే సెల్లర్‌తో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టించి ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు, తీసుకోండి. మీ ఫోన్ నుంచి కేవైఎం అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఒక ఖాళీ ఇచ్చి ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపండి. బ్లాక్‌లిస్టులో ఉందనో, డూప్లికేట్ అనో వస్తే బేరం అక్కడితో ఆపేయండి, దొంగ ఫోన్ కొంటే పైసలూ పోతాయి, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం కూడా మిగులుతుంది. ఈఎంఐ మీద తీసుకున్న ఫోన్లను ఫైనాన్స్ కంపెనీ లాక్ చేయగలదు, కాబట్టి కిస్తీలు తీరిన కాగితం అడగాలి.

బండి విషయంలో ఇంకా జాగ్రత్త. ఆర్‌సీ ఫొటో అడగండి, దానిపై ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే ఆ కంపెనీ ఇచ్చిన ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఫారం 35 (ఆర్‌సీలోంచి అప్పు తీసేయించే కాగితం) లేకుండా బండి మీ పేరుకు ఎక్కదు. ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30 మీద ఓనర్ సంతకాలు కావాలి. బండి నంబరు కొట్టి తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో పాత చలాన్లు చూసుకోండి, అవి ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోండి. ఆర్‌సీలో ఉన్న పేరు, అమ్మే మనిషి ఆధార్‌లో పేరు, డబ్బు పడే ఖాతా పేరు మూడూ ఒకటే కావాలి. "మా బావ పేరు మీద ఉంది", "అకౌంట్ మా దోస్తుది" అంటే ఆ బావనే, ఆ దోస్తునే లైన్‌లోకి తెమ్మనండి. ఈ లెక్కలన్నీ టెన్షన్ అనిపిస్తే మీ ఊళ్లో తెలిసిన ఆటో కన్సల్టెన్సీ ద్వారా కొనండి. కమీషన్ పోతుంది, నిజమే, కానీ కాగితాల బాధ్యత మోసేవాడు, రేపు పోయి అడగడానికి ఒక షట్టర్ ఉంటుంది.

బయానా ఎంత ఇవ్వాలి

"అన్నా, ఇంకో ఇద్దరు అడుగుతున్నరు, టోకెన్ వేస్తే మీకే ఆపుతా." ఈ మాట నిజం కూడా కావచ్చు, అబద్ధం కూడా కావచ్చు, ఫోన్‌లో తేల్చలేం. మీ ఊరి నుంచి పోయి చూడగలిగిన దూరమైతే బయానా అసలు వద్దు, బస్సెక్కి పోండి. నల్గొండ నుంచి జడ్చర్ల పోయి రావడానికి అయ్యే ఖర్చు ఏ బండి ధరతో పోల్చినా చిన్నదే. తప్పదంటే, పోయినా మీకు నిద్ర చెడని మొత్తం మాత్రమే ఇవ్వండి. నేనైతే ధరలో ఐదు శాతం దాటనివ్వను. ఇచ్చేముందు బేరం తెగితే ఈ బయానా వాపసా కాదా అన్నది రాయించుకోండి.

మిగిలిన డబ్బు సామాను చూశాక, చేతిలోకి తీసుకున్నాక. ఎదురెదురుగా నిలబడి యూపీఐ చేస్తే ఫీజూ లేదు, భయమూ లేదు. పట్టపగలు, జనం తిరిగే చోట, బస్టాండ్ దగ్గరో క్లాక్ టవర్ సెంటర్‌లోనో కలవండి. మొత్తం నగదుగా ఇద్దాం అనుకుంటే, ఒక బేరానికి రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, అది అమ్మినవాళ్లకు చిక్కు తెస్తుంది.

పంపే ఆ నిమిషం

యాప్‌లో నంబరు కొట్టగానే వచ్చే పేరు చదవండి. 2025 జూన్ 30 నుంచి యాప్‌లు బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరే చూపించాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ రూలు. మీతో మాట్లాడింది ఒకరు, పేరు ఎక్కడో వేరే రాష్ట్రం మనిషిది వస్తే ఆగిపోండి. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ సైట్‌లో ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ కొట్టి వాటి మీద ఇదివరకే కంప్లయింట్లు ఉన్నాయేమో చూసే వీలుంది. అందులో లేదంటే మంచివాడని కాదు, కానీ ఉంటే మాత్రం సందేహమే అక్కర్లేదు.

మొదట ఒక్క రూపాయి పంపి చేరిందా అని అడగడం మంచి అలవాటు, తప్పు నంబరుకు పోకుండా కాపాడుతుంది. మోసగాడి నుంచి మాత్రం అది కాపాడదు, వాడికీ ఆ రూపాయి చేరుతుంది కదా. నోట్ రాసే చోట "నలుపు రంగు హోండా, బయానా" అని ఏదో ఒకటి రాయండి, ఖాళీగా వదలొద్దు.

డబ్బు మీకు రావాలంటే పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ ఉండదు. "రీఫండ్ వేస్తున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటే అది మీ ఖాతా నుంచి ఇంకోసారి లాగడానికే. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను, అంటే డబ్బు పంపమని యాప్‌లో అడిగే మెసేజ్‌లను, 2025 అక్టోబర్ 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేయించింది, అయినా క్యూఆర్ మోసాలు ఆగలేదు. సెల్లర్ చెప్పాడని స్క్రీన్ షేరింగ్ యాప్ కానీ, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) కానీ వేసుకోకండి.

ఇంకో పాత మోసం ఇంకా నడుస్తూనే ఉంది. అమ్మేవాడు ఆర్మీలో ఉన్నానంటాడు, యూనిఫామ్ ఫొటో, ఐడీ కార్డు పంపుతాడు, ట్రాన్స్‌ఫర్ అయింది కాబట్టి బుల్లెట్ బండి సగం ధరకే ఇస్తానంటాడు. బండి ఆర్మీ ట్రాన్స్‌పోర్ట్‌లో వస్తుందని చెప్పి ముందు రవాణా చార్జీ, తర్వాత గేట్ పాస్, తర్వాత జీఎస్టీ, తర్వాత "వాపసు ఇచ్చే డిపాజిట్" అంటూ ఒకదాని వెనక ఒకటి అడుగుతాడు. ఇందులో మనుషులు ఇరుక్కునేది మొదటి రెండు వేలకు కాదు. ఆ రెండు వేలు పోతాయేమోనని ఇంకో ఐదు వేలు, ఆ ఏడు వేల కోసం ఇంకో పది వేలు వేస్తూ పోతారు. మాట్లాడుకున్న ధరలో లేని చార్జీ ఏదైనా రెండోసారి అడిగితే అక్కడే ఆగండి, పోయింది ఎంతైనా సరే.

పార్సిల్ వచ్చేటప్పుడు

క్యాష్ ఆన్ డెలివరీకి కొరియర్ కొంత చార్జీ తీసుకుంటుంది, సెల్లర్లు అది ధరలో కలుపుతారు. దీన్ని పూర్తి రక్షణ అనుకోకండి, మామూలుగా డబ్బు కట్టాకే డబ్బా విప్పనిస్తారు. తెరిచి చూసి తీసుకునే వీలుందా అని సెల్లర్‌ను ముందే అడగండి. ఆర్టీసీ కార్గోలోనో ట్రాన్స్‌పోర్ట్‌లోనో పంపితే రసీదు ఫొటో తెప్పించుకోండి, కిరాయి కట్టి పంపుతున్నారా "టు పే" పెట్టారా అడగండి, టు పే అయితే అది మీరు కట్టాలి. పార్సిల్ విప్పేటప్పుడు అడ్రస్ కాగితం కనిపించేలా మొదలుపెట్టి ఆపకుండా ఒకే వీడియో తీయండి. మధ్యలో కట్ ఉంటే ఆ వీడియోను ఎవరూ నమ్మరు.

తేడా వచ్చింది, ఇప్పుడేం చేయాలి

ఏ రకం తేడా అన్నది ముందు చూడండి. మీ ఖాతాలో కట్ అయి అవతల పడకపోతే కంగారు అక్కర్లేదు. మనిషి నుంచి మనిషికి చేసిన యూపీఐ అయితే మరుసటి రోజు లోపల అదే తిరిగి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలన్నది ఆర్‌బీఐ 2019 నాటి నిబంధన. ఈలోపు తొందరపడి రెండోసారి పంపకండి. తప్పు నంబరుకు పోతే యాప్‌లోనూ బ్యాంకులోనూ వెంటనే కంప్లయింట్ పెట్టండి.

డబ్బు తీసుకుని సెల్లర్ బ్లాక్ చేశాడంటే మాత్రం గంటలు కాదు, నిమిషాలు లెక్క. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. లావాదేవీ నంబరు, అంటే 12 అంకెల యూటీఆర్, మొత్తం, సమయం, అవతలి యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకుని చేయండి. వాళ్లు ఆ డబ్బు ఏ ఖాతాకు పోయిందో ఆ బ్యాంకుకు సమాచారం పంపి, అందులో మిగిలి ఉన్నది ఆపించే ప్రయత్నం చేస్తారు. మోసగాళ్లు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు తిప్పి ఏటీఎంలో తీసేస్తారు కాబట్టి సాయంత్రం దాకా "ఇంట్లో తెలిస్తే తిడతారు" అని కూర్చుంటే ఆపడానికి ఏమీ మిగలదు. తిట్లు తర్వాత తిందురు గాని, ముందు ఫోన్ చేయండి. తర్వాత మీ బ్యాంకుకు కూడా కంప్లయింట్ ఇచ్చి నంబరు తీసుకోండి, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పోండి. సెల్లర్ వేరే జిల్లా వాడైనా జీరో ఎఫ్‌ఐఆర్ కింద మీ స్టేషన్‌లోనే ఫిర్యాదు తీసుకోవాలి.

బ్యాంకు మీ కంప్లయింట్‌కు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, ఫీజు లేదు, వివరాలకు 14448. ఇది బ్యాంకు తప్పు చేసినప్పుడే పనికొస్తుంది, సెల్లర్ చేసిన మోసానికి బ్యాంకును కట్టమని అంబుడ్స్‌మన్ చెప్పదు.

సెల్లర్ మోసగాడు కాదు, నిజమైన వ్యాపారే, కానీ చినిగిన చీర పంపి వాపసు తీసుకోనంటున్నాడు అనుకోండి. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి, చాలా చిన్న గొడవలు అక్కడ ఫోన్ మీదే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, సెల్లర్ సూరత్‌లో ఉన్నా సరే. ఐదు లక్షల దాకా విలువైన కొనుగోలుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ నుంచి కూడా వేయొచ్చు.

1930 ద్వారా డబ్బు ఆగిందని మెసేజ్ వచ్చినా అది తనంతట తాను మీ ఖాతాకు రాదు, పెద్ద మొత్తమైతే సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో ఇలా ఆగిన డబ్బును లోక్ అదాలత్‌లలో బాధితులకు తిప్పి ఇప్పిస్తున్నారు. కాబట్టి కంప్లయింట్ నంబరు పట్టుకుని స్టేషన్‌లో అడుగుతూ ఉండండి, తర్వాతి లోక్ అదాలత్‌లో మీ కేసు పెట్టమని దరఖాస్తు ఇవ్వండి. ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, డబ్బు పోయిన నెల స్టేట్‌మెంట్ జిరాక్స్‌లు దగ్గర పెట్టుకోండి. కంప్లయింట్‌లో ఇచ్చిన సిమ్ మార్చకండి, పిలుపు వచ్చేది ఆ నంబరుకే.